సరుకు రవాణాకు పెద్ద వ్యాన్ కొనేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయవాడలో పచ్చళ్లు, పిండివంటల హోల్‌సేల్. టాటా ఏస్‌తో మొదలుపెట్టి ఇప్పటికి నాలుగు బండ్లు మార్చాం. వాటిలో ఒకటి మా సరుకుకు పనికిరాని బండి, ఇంకొకటి ఈఎంఐ సరిగ్గా లెక్క చూసుకోకుండా తెచ్చుకున్న బండి. ఈ మధ్య బంధువులు, మార్కెట్‌లో తెలిసినవాళ్లు కొత్త బండి తీసుకునేముందు ఫోన్ చేస్తున్నారు. అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

టాటా ఏస్ చాలదా? పెద్ద వ్యాన్ ఎప్పుడు అవసరం?

ముందు ఒక నెలపాటు నోట్‌బుక్ పెట్టండి. ఏ రోజు ఎన్ని పెట్టెలు వెళ్లాయి, ఎంత బరువు, ఎన్ని ట్రిప్పులు, చోటు లేక గోడౌన్‌లో ఏం మిగిలిపోయింది, ఇవి రాయండి. ఒకే ఊరికి ఒకే రోజు రెండు ట్రిప్పులు వేయాల్సిన రోజులు వారానికి రెండు మూడు దాటుతుంటే పెద్ద బండి గురించి ఆలోచించవచ్చు. రెండో ట్రిప్పు డీజిల్, డ్రైవర్ బత్తా కలిపితే పెద్ద బండికి అదనంగా కట్టే ఈఎంఐ అందులోంచే వచ్చేస్తుంది.

దసరా, సంక్రాంతి రద్దీ చూసి మాత్రం నిర్ణయం తీసుకోవద్దు. ఏడాదిలో నలభై రోజుల కోసం మిగతా రోజులన్నీ సగం ఖాళీగా తిరిగే బండి కొనడం నష్టం. ఆ రోజులకు కిరాయి బండి మాట్లాడుకోండి. 2005లో ఏస్ వచ్చినప్పటి నుంచి మన ఊళ్లలో చిన్న వ్యాపారాలు దాని మీదే నడిచాయి. టన్నులోపు సరుకుకి, సందుల్లో తిరిగే పనికి ఇప్పటికీ ఆ సైజే సరైనది.

షోరూమ్‌లో పేలోడ్, జీవీడబ్ల్యూ అంటారు. తేడా ఏమిటి?

జీవీడబ్ల్యూ అంటే బండి, సరుకు, డ్రైవర్, క్లీనర్, డీజిల్ అన్నీ కలిపి చట్టం ఒప్పుకునే మొత్తం బరువు. ఆర్సీ (రిజిస్ట్రేషన్ కాగితం) మీద ఉంటుంది. ఖాళీ బండి బరువు కూడా ఆర్సీలోనే ఉంటుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే పేలోడ్, అంటే మీరు మోయగలిగింది. అందులోంచి ముందు సీట్లలో కూర్చునే ఇద్దరి బరువు కూడా పక్కన పెట్టుకోండి.

ఇక్కడ చాలామంది దెబ్బ తింటున్నారు. బ్రోచర్‌లో రాసిన పేలోడ్ కంపెనీ నుంచి వచ్చిన బాడీతో లెక్క. మీరు దాని మీద కంటైనర్ కట్టిస్తే ఆ ఇనుము బరువు మీ సరుకులోంచే పోతుంది. మా పికప్‌కి కంటైనర్ కట్టించాక కాటా వేయిస్తే మూడు క్వింటాళ్లకు దగ్గరగా పెరిగింది. అంటే ప్రతి ట్రిప్పుకీ మా పచ్చడి పెట్టెలు పాతిక తగ్గినట్టే.

ఆర్సీ మీద మొత్తం బరువు 3,000, 3,500, 7,500 కిలోల గీతల్లో దేనికి ఏ పక్కన ఉందో కూడా చూసుకోండి. పర్మిట్, క్యాబిన్ ఏసీ, లైసెన్సు ఈ గీతల మీదే ఆధారపడి ఉంటాయి. ఆ వివరాలు కింద వస్తాయి.

నా సరుకుకి ఎంత బండి కావాలో ఎలా లెక్కపెట్టాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, అయినా చాలా తక్కువమంది అడుగుతారు. "ఎన్ని టన్నుల బండి కొనాలి" అంటారు కానీ, బరువు ముందు నిండుతుందా, చోటు ముందు నిండుతుందా అని ఆలోచించరు.

మీ పెట్టె ఒకదాన్ని కాటా మీద పెట్టండి, టేపుతో కొలవండి. మా దగ్గర రెండు రకాల అట్టపెట్టెలు వెళ్తాయి. రెండింటి కొలతా ఒకటే: 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. ఒకదాంట్లో ఆవకాయ, గోంగూర సీసాలు ఉంటాయి, బరువు 12 కిలోలు. రెండోదాంట్లో జంతికలు, చేగోడీలు ఉంటాయి, బరువు 3 కిలోలే.

ఇప్పుడు టాటా వింగర్ కార్గో తీసుకుందాం. లోపలి కొలతలు 3,240 మిల్లీమీటర్ల పొడవు, 1,640 వెడల్పు, 1,900 ఎత్తు. పేలోడ్ 1,680 కిలోలు. మా పెట్టెలు పొడవునా ఎనిమిది, అడ్డంగా ఐదు పడతాయి. అంటే ఒక వరసకు నలభై.

పచ్చడి పెట్టెలు 140 ఎక్కేసరికి 1,680 కిలోలు అయిపోతాయి. మూడు వరసలు పూర్తయి నాలుగోది సగం. పైన ఇంకా రెండు వరసలకు పైగా చోటు ఉంటుంది, కానీ ఇక ఒక్క పెట్టె కూడా ఎక్కించకూడదు. అదే జంతికల పెట్టెలైతే ఆరు వరసలు, 240 పెట్టెలు పడతాయి. టైరు గూళ్ల దగ్గర నాలుగైదు తగ్గుతాయనుకోండి. బండి పైకప్పు దాకా నిండినా బరువు 720 కిలోలే. ఇంకా 960 కిలోలు మోసే శక్తి వాడకుండానే ఉండిపోతుంది.

ఒకే బండి, ఒకే కొలత పెట్టె, కానీ లెక్క పూర్తిగా వేరు. మరమరాలు, ప్లాస్టిక్ సామాన్లు, పరుపులు, బేకరీ సరుకు తోలేవాళ్లు లోపలి ఘనపరిమాణం చూసి కొనాలి. టైల్స్, నూనె డబ్బాలు, సీసాల సరుకు, బియ్యం బస్తాలు తోలేవాళ్లు పేలోడ్ చూసి కొనాలి. 26 కిలోల బియ్యం బస్తాలైతే ఈ వ్యాన్‌లో 64 పడేసరికి బరువు సరిపోతుంది, పైన సగానికి పైగా గాలే. ఆ వ్యాపారికి అంత ఎత్తు కప్పుకి డబ్బు పెట్టాల్సిన పని లేదు.

రెండు రకాలూ కలిపి తోలేవాళ్లు కింద బరువు సరుకు, పైన తేలిక సరుకు వేస్తారు. మేమూ అంతే. అప్పుడు రెండూ ఒకేసారి నిండేలా కలుపుకోవచ్చు. మా లెక్కలో వంద పచ్చడి పెట్టెలు, వందకు పైగా జంతికల పెట్టెలు అయితే బండి బరువు, చోటు రెండూ సరిగ్గా వాడినట్టు అవుతుంది.

వింగర్ కార్గో, ఫోర్స్ ట్రావెలర్ డెలివరీ వ్యాన్, బొలెరో పికప్ మీద కంటైనర్. ఈ మూడింట్లో ఏది?

మూడూ వేర్వేరు పనులకు పుట్టిన బండ్లు.

వింగర్‌లో ఇంజిన్ శక్తి ముందు చక్రాలకు వెళ్తుంది. వెనక్కి పొడవాటి షాఫ్ట్ ఉండదు కాబట్టి లోపలి నేల కిందికి ఉంటుంది. రోజుకు ముప్పై నలభై చోట్ల ఆగి పెట్టెలు దించేవాళ్లకు ఇదే పెద్ద సుఖం. నేల ఒక అడుగు ఎత్తు తగ్గితే సాయంత్రానికి కుర్రాడి నడుముకు తేడా తెలుస్తుంది. బాడీ, ఫ్రేమ్ ఒకటే ముక్కగా ఉండటం వల్ల రోడ్డు మీద కారులా నడుస్తుంది. అయితే ముందు చక్రాల బండికి ఒక ఇబ్బంది ఉంది. బరువంతా వెనక వేసి తడిసిన ఎత్తు ఎక్కితే ముందు చక్రాలు తేలికై జారతాయి. అరకు ఘాట్, శ్రీశైలం ఘాట్ మీద రోజూ తోలేవాళ్లు ఇది బాగా ఆలోచించుకోవాలి. సరుకులో బరువైనవి డ్రైవర్ వెనక గోడకు ఆనించి వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ట్రావెలర్‌ని మనవాళ్లు ఇప్పటికీ టెంపో అనే పిలుస్తారు. ఫోర్స్ మోటార్స్ పాత పేరు బజాజ్ టెంపో కాబట్టి ఆ పిలుపు అలా ఉండిపోయింది. 1987 నుంచి మన రోడ్ల మీద ఉన్న బండి. వెనక చక్రాల బండి కాబట్టి బరువు పడేకొద్దీ పట్టు పెరుగుతుంది. వీల్‌బేస్‌ని, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరాన్ని బట్టి లోపలి చోటు మారుతుంది. పొడుగు రకంలో చోటు బాగా వస్తుంది, తేలిక సరుకు దూరం తోలేవాళ్లకు అది లాభం. ఇరుకు బజారులో వెనక్కి తిప్పడం మాత్రం కష్టం. హైదరాబాద్ బేగంబజార్ సందుల్లోకి తీసుకెళ్లేముందు రెండుసార్లు ఆలోచించండి.

బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్, బడా దోస్త్, టాటా ఇంట్రా ఒకే జాతి. గట్టి ఫ్రేమ్, వెనక కమాన్ పట్టీలు, మీద మీకు నచ్చిన బాడీ. రెండు టన్నుల దాకా మోసే రకాలు కూడా వీటిలో ఉన్నాయి. పల్లెటూరి మట్టిరోడ్లు, ఇటుక బట్టీలు, పొలం గట్ల దాకా వెళ్లాల్సిన పని ఉంటే వీటికే నా ఓటు. ఏ మండల కేంద్రంలో ఆగినా మెకానిక్‌కి ఈ బండ్లు తెలుసు, సామాన్లు దొరుకుతాయి. కుదుపు ఎక్కువ. సీసాల సరుకు తోలేవాళ్లు పెట్టెల మధ్య అట్ట ముక్కలు పెట్టుకోవాల్సిందే.

మాకు ఏది సరిపోయింది అని అడిగితే, విజయవాడ నుంచి హైదరాబాద్ సూపర్ మార్కెట్లకు వెళ్లే సరుకుకి క్లోజ్డ్ వ్యాన్, చుట్టుపక్కల ఊళ్ల సంతలకు పికప్. ఒకే బండితో రెండు పనులూ చేయాలని చూసిన రెండేళ్లూ రెండు పనులూ సరిగా సాగలేదు.

ఓపెన్ బాడీ కొని పట్టా కప్పుకుంటే సరిపోదా? లక్ష రూపాయలు మిగులుతాయి కదా.

ఇటుకలకు, పైపులకు, కూరగాయల ట్రేలకు సరిపోతుంది. అట్టపెట్టెల సరుకుకి వద్దు. ఇది నేను అనుభవించి చెబుతున్నాను.

మా రెండో బండి ఓపెన్ బాడీ. జులైలో ఒకరోజు రాత్రి సూర్యాపేట దాటాక వాన పట్టుకుంది. పట్టా కట్టిన తాడు ఒక మూల వదులై, గాలికి ఆ మూల లేచి కొట్టుకుంటూ ఉందట. వైపర్ల చప్పుడులో డ్రైవర్‌కి వినిపించలేదు. తెల్లవారి హైదరాబాద్‌లో పట్టా తీస్తే వెనక మూడు వరసల అట్టపెట్టెలు నీళ్లు పీల్చి మెత్తబడి ఒకదాని మీద ఒకటి కూర్చుండిపోయాయి. లోపల ప్యాకెట్లకు ఏమీ కాలేదు. అయినా తడిసిన పెట్టెని ఏ షాపువాళ్లూ తీసుకోరు, తీసుకోకపోవడం వాళ్ల తప్పు కాదు. ఆ ఒక్క ట్రిప్పు నష్టం, మళ్లీ పెట్టెలు కట్టించిన ఖర్చు, ఆగిపోయిన ఆర్డర్ అన్నీ కలిపితే కంటైనర్ బాడీ ఖర్చులో మంచి భాగం పోయింది.

ఇంకో విషయం. పట్టా కట్టడానికి, విప్పడానికి ప్రతి చోటా ఇరవై నిమిషాలు పోతాయి. పది షాపులు తిరిగే బండికి అది రోజులో మూడు గంటలు.

కంటైనర్ బాడీ తర్వాత కట్టించుకోవచ్చా?

కట్టించుకోవచ్చు. కానీ ఆర్టీఏ అనుమతి తీసుకుని, ఆర్సీలో బాడీ రకం మార్పించాలి. ఓపెన్ అని ఆర్సీలో ఉండి రోడ్డు మీద కంటైనర్ కనిపిస్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపుతారు. అంతకన్నా పెద్ద భయం ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇదే పట్టుకుంటారు. కొత్త బండి అయితే రిజిస్ట్రేషన్‌కి ముందే బాడీ కట్టించి అలాగే నమోదు చేయించడం సులువు.

బాడీ కట్టించేటప్పుడు ఎడమ పక్కన ఒక తలుపు పెట్టమనండి. దీని విలువ మా డ్రైవర్ చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆయన్ని మేమంతా బాబాయ్ అని పిలుస్తాం. బాడీ షెడ్డులో డిజైన్ చూసి, "బాబూ, వన్ టౌన్‌లో వెనక ఆటో ఆనించి పెడతాడు, అప్పుడు వెనక తలుపు ఎట్లా తీస్తాం?" అన్నారు. నిజమే. సందులో వెనక తలుపులు తెరుచుకునే చోటు ఉండదు. పక్క తలుపు ఉంటే షాపు మెట్టు మీదికే నేరుగా దించేయొచ్చు.

ఇంకాస్త డబ్బు పెట్టి డీసీఎం కొనేయొచ్చు కదా?

డీసీఎం టయోటా కంపెనీ బండ్లు ఆగిపోయి చాలా ఏళ్లయినా, ఆ సైజు బండి ఏ కంపెనీది అయినా మనం డీసీఎం అనే అంటున్నాం. రోజూ నాలుగు టన్నులు ఒకచోట ఎక్కించి ఒకచోట దించే పని ఉంటే కొనండి. పది చోట్ల దించే పని అయితే వద్దు. నగరాల్లో పెద్ద బండ్లకు పగటిపూట ట్రాఫిక్ పోలీసుల ఆంక్షలు ఉంటాయి, ఆ టైమింగ్‌లకు మీ షాపుల టైమింగ్‌లు కలవవు.

డీజిల్, సీఎన్‌జీ, ఎలక్ట్రిక్. ఏది లాభం?

రోజుకు 100 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకుందాం. 2,500 కిలోమీటర్లు. డీజిల్ లీటరు 97 రూపాయలు వేసుకుంటే, 12 మైలేజీ ఇచ్చే బండికి నెలకు దాదాపు 20,200 ఖర్చు. 14 ఇచ్చే బండికి 17,300. రెండు కిలోమీటర్ల మైలేజీ తేడా నెలకు 2,900 రూపాయలు. బ్రోచర్ మైలేజీ నమ్మకండి. అదే మోడల్ తోలుతున్న డ్రైవర్‌ని, మీ అంత బరువు వేసేవాడిని అడగండి.

డీజిల్ బీఎస్6 బండ్లలో పొగ గొట్టం దగ్గర మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది వేడెక్కి మసిని కాల్చుకోవాలంటే బండి కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. రోజంతా ఊళ్లోనే అర కిలోమీటరుకోసారి ఆగే పని అయితే ఫిల్టర్ పూడుకుని డ్యాష్‌బోర్డ్ మీద లైటు వెలుగుతుంది. లైటు వెలిగినా పట్టించుకోకుండా తోలితే ఖర్చు పెద్దదవుతుంది. వారానికోసారి హైవే మీద అరగంట తోలే అలవాటు చేసుకోండి.

సీఎన్‌జీ ఖర్చు తక్కువే. కానీ సిలిండర్ల బరువు మీ పేలోడ్‌లోంచి పోతుంది, మూడేళ్లకోసారి సిలిండర్ టెస్టింగ్ చేయించాలి, బంకు దగ్గర క్యూ ఉంటుంది. మీ రూట్‌లో రెండు బంకులైనా ఉంటేనే తీసుకోండి.

ఎలక్ట్రిక్‌లో పెద్ద వ్యాన్ల ఎంపిక ఇంకా తక్కువ. చిన్న సైజులో టాటా ఏస్ ఈవీ 2022లో 600 కిలోల పేలోడ్‌తో వచ్చింది, 2024లో టన్ను మోసే ఏస్ ఈవీ 1000 వచ్చింది. కంపెనీ చెప్పే రేంజ్ ఒక్క చార్జికి 160 కిలోమీటర్ల దరిదాపు. నిండు లోడుతో, ఎండల్లో అంత వస్తుందని లెక్క వేసుకోవద్దు. ఊళ్లోనే తిరిగి రాత్రికి గోడౌన్ చేరే బండికి మాత్రం ఇది మంచి బేరం. ఈవీలకు జీఎస్టీ 5 శాతమే, రవాణా బండి అయినా పర్మిట్ అక్కర్లేదు. విజయవాడ, హైదరాబాద్ మధ్య 275 కిలోమీటర్లు రోజూ తోలే మాకు ఇప్పటికి డీజిలే.

కారు లైసెన్సుతో ఈ వ్యాన్ తోలవచ్చా?

తోలవచ్చు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండిని ఎల్ఎంవీ (కారు లాంటి తేలిక బండ్ల) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. దాన్ని ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న ఖాయం చేసింది. అంతకుముందు ఇన్సూరెన్స్ కంపెనీలు ఈ కారణం చూపి క్లెయిమ్‌లు తిరస్కరించేవి. డ్రైవర్ లైసెన్సు గడువు తేదీ మాత్రం మీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

పర్మిట్ కావాలా? ఏపీ బండి తెలంగాణకి వెళ్తే?

మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. పికప్‌లలో కొన్ని రకాలు సరిగ్గా ఈ గీతకు కొంచెం కిందే ఉండేలా తయారు చేస్తారు. వింగర్ కార్గో లాంటి బండి మొత్తం బరువు మూడు వేలు దాటుతుంది, పర్మిట్ తీసుకోవాలి.

2014 జూన్ 2 దాకా విజయవాడ, హైదరాబాద్ ఒకే రాష్ట్రం. ఇప్పుడు గరికపాడు దాటితే వేరే రాష్ట్రం. మూడు వేల కిలోలు దాటిన బండి రెండు వైపులా తిరగాలంటే నేషనల్ పర్మిట్ తీసుకోవడం మంచిది. ఏటా ఫీజు కట్టాలి, ఆ ఖర్చు కొనేముందే లెక్కలో వేసుకోండి. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు తప్పనిసరి. అందులో బండి నంబరు తప్పు పడినా ఆపుతారు. మధ్యలో బండి పాడై ఇంకో బండిలోకి సరుకు మార్చితే ఈ-వే బిల్లులో బండి నంబరు ఉండే పార్ట్-బీ మార్చడం మరిచిపోవద్దు.

రెండు క్వింటాళ్లు ఎక్కువ వేస్తే ఏమవుతుంది? అందరూ వేస్తున్నారు కదా.

2019 సవరణ తర్వాత చట్టంలో ఓవర్‌లోడ్ జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకి ఇంకో 2,000. ఎక్కువైన సరుకు అక్కడే దించేదాకా బండి కదలనివ్వకూడదని కూడా చట్టంలో ఉంది.

జరిమానా సంగతి పక్కన పెట్టండి. బ్రేకు వేశాక బండి ఆగే దూరం పెరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం, కాలే రోడ్డు మీద, ఎక్కువ బరువుతో టైరు పేలితే డ్రైవర్ ఏమీ చేయలేడు. అతని ఇంట్లో పిల్లలున్నారు. ప్రతివారం రెండు క్వింటాళ్లు ఎక్కువ పడుతోందంటే మీ బండి మీ వ్యాపారానికి చిన్నదైపోయిందని లెక్క. ఇంకో ట్రిప్పు వేయండి, లేదా బండి మార్చండి.

ఫైనాన్స్‌వాళ్లు 7 శాతం వడ్డీ అంటున్నారు, బ్యాంకు పదిన్నర అంటోంది. ఫైనాన్సే మేలు కదా?

ఆ ఏడు శాతం "ఫ్లాట్" అయితే మేలు కాదు. మా మూడో బండికి నేను ఇక్కడే మోసపోయాను. 8 లక్షల అప్పు, నాలుగేళ్లు, 7 ఫ్లాట్ అంటే వడ్డీ 2,24,000. నెలకు 21,333 కట్టాలి. ఫ్లాట్‌లో మీరు అసలు తీరుస్తూ పోతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు ఉన్న 8 లక్షల మీదే వేస్తారు. నిజానికి అది తగ్గే బ్యాలెన్స్ లెక్కలో పన్నెండున్నర శాతం పైనే. బ్యాంకు చెప్పే పదిన్నర తగ్గే బ్యాలెన్స్ మీద కాబట్టి అదే అప్పుకి నెలకు దాదాపు 20,480.

శాతాలు అడగకండి. "నెలకు ఎంత, ఎన్ని నెలలు, మొత్తం ఎంత" అని కాగితం మీద రాయించుకోండి. నాలుగేళ్ల బదులు ఐదేళ్లు పెట్టుకుంటే బ్యాంకు ఈఎంఐ 17,200కి దిగుతుంది, మొత్తం మీద దాదాపు 48,500 ఎక్కువ కడతారు. ఆదాయం నెలనెలా నిలకడగా లేని వ్యాపారమైతే ఆ 48 వేలు పెట్టి టెన్షన్ తగ్గించుకోవడంలో తప్పు లేదు.

జీఎస్టీ వెనక్కి వస్తుందా?

సరుకు రవాణా బండికి వస్తుంది. కారుకు రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను ముందు ధర 9 లక్షలైతే 1,62,000 మీ ఇన్‌పుట్ క్రెడిట్‌లోకి వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. మీది రెగ్యులర్ రిజిస్ట్రేషన్ అయి ఉండాలి, బిల్లు మీ వ్యాపారం పేరున, మీ జీఎస్టీ నంబరుతో ఉండాలి. కాంపోజిషన్‌లో, అంటే టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పద్ధతిలో ఉన్నవాళ్లకు రాదు. మా బంధువు ఒకాయన బండి సొంత పేరు మీద తీసుకుని ఈ క్రెడిట్ మొత్తం పోగొట్టుకున్నాడు. షోరూమ్‌లో బుకింగ్ రోజునే ఈ మాట చెప్పండి.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే?

తక్కువ పెట్టుబడితో మొదలుపెట్టేవాళ్లకు మంచిదే. అయితే లోపలి నేల మీద పరిచిన రబ్బరు షీట్ ఎత్తి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. భీమవరం, ఆకివీడు వైపు చేపలు, రొయ్యలు తోలిన బండి అయితే ఉప్పు నీళ్లు, ఐసు కరిగిన నీళ్లు కింద నేలని, ఫ్రేమ్‌ని తినేస్తాయి. పైన కొత్త పెయింట్ వేసి మెరిపిస్తారు. స్క్రూడ్రైవర్ మొనతో ఫ్రేమ్ మీద గట్టిగా పొడిచి చూడండి, పెచ్చులు రాలితే వెనక్కి వచ్చేయండి.

కాగితాల్లో ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో చూడండి. కొత్త బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. ఏడేళ్ల బండి కొంటే త్వరలో ప్రతి ఏడూ ఆ ఖర్చు, ఒక రోజు పని పోవడం ఉంటాయి. పాత చలాన్లు, ట్యాక్స్ బకాయి, ఫైనాన్స్ క్లియరెన్స్ కాగితం చూసుకోండి. పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఏ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) చేతికి వచ్చాకే మిగతా డబ్బు.

డ్రైవర్ మాట వినాలా?

వినాలి. రోజుకు పది గంటలు అందులో కూర్చునేది ఆయనే. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన, మొత్తం బరువు 3,500 కిలోలు దాటిన గూడ్స్ బండ్లకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. దానికంటే చిన్న బండ్లకు ఆ నిబంధన లేదు, మీరు అడిగి వేయించుకోవాలి. మే నెలలో రెంటచింతల వైపు మధ్యాహ్నం లోడు తోలినవాళ్లకు ఆ ఏసీ విలాసం కాదని తెలుసు. వేడికి తల తిరిగిన డ్రైవర్‌తో హైవే మీద బండి నడవకూడదు. ఏసీకి, రివర్స్ కెమెరాకి పెట్టే డబ్బు దగ్గర బేరం ఆడకండి. మిగతా ఎక్కడైనా ఆడండి.

టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి?

ఖాళీ బండితో షోరూమ్ చుట్టూ ఒక రౌండు వేస్తే ఏమీ తెలియదు. మీ సరుకు మీరే వేసుకుని తీసుకెళ్లండి. మేము చివరి బండికి ముందు రోజే పెట్టెలు కట్టించి, షోరూమ్ వాళ్లని ఒప్పించి డెమో బండిని గోడౌన్‌కి రప్పించాం. హమాలీలు ఎనభై పెట్టెలు ఎక్కించారు. ఎంత సేపు పట్టిందో, నేల ఎత్తుకి వాళ్లు ఎలా వంగుతున్నారో నిలబడి చూశాను. తర్వాత బాబాయ్ దాన్ని కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కించి, వన్ టౌన్‌లో మా పాత కస్టమర్ షాపు ముందు ఆపారు. పక్క తలుపు తీసి ఒక పెట్టె మెట్టు మీద పెట్టి చూశారు. తలుపు పూర్తిగా తెరుచుకుంది, ఆటో కూడా పక్కనుంచి వెళ్లింది. సాయంత్రం బుకింగ్ అడ్వాన్స్ కట్టాం.